మోగని గజ్జె

మొన్న దసరా ముందు ఇల్లు దులుపుతుంటే మా మనుమరాలు ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి నా ముందర పెట్టింది. ఫోన్లో నొక్కితే ఇంటికే వచ్చిందట. నల్లబడ్డ వెండిని అందులో ఇట్లా ముంచి అట్లా తీస్తే చాలు, కొత్తదానిలా మెరుస్తుందని, ఇక బూడిద పెట్టి కూర్చుని తోమే బాధ లేదని దాని సంబరం. నిజమే, కుంకుమ భరిణె ముంచి తీస్తే తెల్లగా వచ్చింది, కానీ ఆ నీళ్లు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టాయి. ఇంట్లో పొయ్యి బూడిద లేకపోయినా పక్కింట్లో దొరుకుతుంది కదా, పైసలిచ్చి కంపు కొనుక్కోవడమెందుకని నేను నాలుగు మాటలు అననే అన్నాను. అది నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, నా ఇనుప పెట్టె వైపు చూసింది.

"అమ్మమ్మా, నీ పెట్టెల నల్లటి గజ్జె ఒకటుంటది గద, గదీ తియ్యి. ముంచి తీసి చిన్నదానికి కడుదం" అన్నది.

"ముట్టినవంటే చెయ్యిరుగుతది" అన్నాను.

నా నోరే కఠినమని ఇంట్లో అందరికీ తెలుసు, నా కసురుకు ఎవరూ జడవరు. కానీ ఆ రోజు నా గొంతులో ఏం వినిపించిందో, దాని చంకలోని పసిపిల్ల సైతం నా మొహం చూసి ఏడుపందుకుంది. మనుమరాలు సీసాకు మూత బిగించుకుని లోపలికి పోయింది. ఇది సిరిసిల్ల, మా బిడ్డ ఇల్లు, వీధిలో సాంచెల, అంటే మరమగ్గాల, మోత ఆగని చోటు. ఆ మోతలో కూర్చుని ఆ పూటంతా ఆ గజ్జె గురించే తలపోసుకున్నాను. పిల్లలకు నోటితో చెప్పలేకపోయాను, అందుకని రాస్తున్నాను. బడి అంటే నాకు రెండు మూడేళ్ల ముచ్చటే. రాయడం వచ్చింది గానీ ఒక దారిన పోవడం రాదు, ఒక మాట వెంట ఇంకో మాట వస్తుంది. నా ఈడు వాళ్లు ఓపిక పట్టి చదువుతారని నమ్మకం.

నా పెండ్లయి కోరుట్లకు వచ్చిన కొత్తలో ఇండ్లల్లోకి స్టీలు సామాను దిగడం మొదలైంది. తాతల నాటి ఇత్తడి బిందెలు, రాగి కాగులు, కంచు చెంబులు నెత్తిన పెట్టుకుని తెచ్చి బజారు దుకాణంలో పడేసి, వాటికి బదులు తళతళలాడే స్టీలు గిన్నెలు పట్టుకుని పెండ్లికి పోయినట్టు పోయేవారు. అట్లాంటి ఒక దుకాణంలో పాత సామాను తోమే పనికి నేను కుదిరాను. వెనుక పెరట్లో కూర్చుని ఏది ఇత్తడి, ఏది రాగి, ఏది కంచు అని వేరు చేయాలి, తర్వాత తోమాలి. దుకాణం పెద్దమ్మ నోరు గయ్యాళిది గానీ పని మాత్రం కడుపులో దాచుకోకుండా నేర్పింది. కంచును గోటితో కొడితే మోత గాలిలో నిలబడుతుంది, ఇత్తడి మోత తొందరగా చస్తుంది, రాగికి మోతే తక్కువ. రాగి పచ్చగా చిలుము పడుతుంది, వెండి నల్లబడుతుంది. నిత్యం వాడే బిందెకు చింతపండూ ఇటుక పొడీ సరే, కానీ చాలా ఏళ్లు మూలన పడి ఉన్న పాత వస్తువుకు ఆ మోటుతనం పనికిరాదు. కుంకుడు రసంలో నానేసి, వెదురు పుల్లతో సందులు తీసి, నూనె గుడ్డతో తుడవాలి. దాని ఒంటి మీది నలుపు దాని వయసు, అది గీకి పారేస్తే వస్తువు మిగలదు, ముక్క మిగులుతుంది అనేది పెద్దమ్మ. ఆ పెరట్లోనే నా పడుచుదనం గడిచిపోయింది, నా గోళ్ల సందున పచ్చదనం ఏనాడూ పోలేదు.

ఇక మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు.

మా పుట్టిల్లు కథలాపూర్ పక్క పల్లె. నేను పుట్టకముందు, రజాకార్ల కాలంలో, ఊరిమీద దాడి వస్తుందన్న కబురు అంది జనం కట్టుబట్టలతో గోదావరి దాటి నిజాం రాజ్యం అవతలి చాందా వైపు పోయారు. మా అవ్వకు అప్పటికి తొలిచూలు బిడ్డ, అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్నది, కాళ్లకు వెండి గజ్జెలు. నేను కండ్ల చూడని మా అక్క. జొన్నచేన్లలోంచి నక్కినక్కి పోవాలి, గజ్జెలు మోగితే అందరి ప్రాణం మీదికి వస్తుంది. విప్పబోతే పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నది. అప్పుడు మా అవ్వ ఏం చేసిందంటే, ఇంట్లో ఉన్న తేనె మైనం వేళ్ల నడుమ మెత్తగా చేసి, ఒక్కో మువ్వ నోట్లో కూరింది. పిల్ల నడిచింది, గజ్జె మోగలేదు. తీరా మా చేను దగ్గరికి వచ్చేసరికి వెంట ఉన్న వాళ్లు, మూటలు తగ్గించుకోండి, వెండి ఒంటి మీద కనబడితే బతకనియ్యరు అని తొందర పెట్టారు. అవ్వ తన కడియాలు, మెడలోని వెండి గుండ్లు, నిద్రపోతున్న పిల్ల కాళ్ల గజ్జెలు తీసి ఒక రాగి చెంబులో వేసి, గట్టు మీది మోదుగు చెట్టు మొదట పాతిపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ చంకలో బిడ్డ లేదు. అవతల జ్వరం వచ్చి పోయింది. వచ్చి చూస్తే చేను దగ్గర మోదుగు చెట్టూ లేదు, ఎవరో మొదలంటా నరుక్కుపోయారు, వానకు గట్టు తెగి కొత్త గట్టు పడింది. ఏడ తవ్వాలి? నా చిన్నతనమంతా నాకు యాది ఉన్నది, మిరుగం కార్తె ముందు అందరి చేన్లల్లో నాగళ్లు సాగుతుంటే మా చేన్లో అవ్వ గడ్డపార పట్టుకుని ఒక్కతే తవ్వేది. మా నాయిన కసిరేవాడు, ఊరోళ్లు నవ్వేవారు, వెండి పిచ్చి పట్టిందనేవారు. వెండి కోసం కాదని నాకు మాత్రమే తెలుసు, ఎందుకంటే రాత్రి పడుకున్నాక మైనం ముచ్చట నాకే చెప్పేది. తమ్ముడు మగపిల్లవాడు, ఆటల మీద ధ్యాస, వాడికి చెంబు సంగతి తెలుసు గానీ మైనం సంగతి విన్నట్టు లేడు.

అవ్వ మంచాన పడ్డప్పుడు మా ఇద్దరినీ దగ్గరికి పిలిచింది.

"కడియాలు, గుండ్లు మీరు ఏం జేస్కుంటరో జేస్కోండ్రి. పిల్ల గజ్జెలు మాత్రం ఆగం జెయ్యకుండ్రి. ఎప్పటికన్న దొరికితే అక్కాతమ్ములు ఒక్కకాడ కూసోని చెంబు ఇప్పుండ్రి" అన్నది. ఇద్దరం ఆమె చేతిలో చెయ్యి వేశాం. నా చేతి మీద తమ్ముడి చెయ్యి ఎంత వెచ్చగా ఉండిందో ఇప్పటికీ చెప్పగలను.

అవ్వ పోయి చాలా ఏళ్లు గడిచాయి. తమ్ముడు దుబాయి పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు, చివరికి తెలంగాణ ఉద్యమం ఊరూరా అంటుకున్న కాలంలో ఇక పోనని వచ్చేశాడు. అందరూ గడియారాలు, కంబళ్లు తెస్తే వీడు ఒక మిషన్ తెచ్చాడు. పొడుగు కర్ర, కొసకు గుండ్రటి పల్లెం, చెవులకు పెట్టుకునే డబ్బాలు. భూమిలో లోహం ఉంటే అది కూత పెడుతుంది. అక్కడ సముద్రపు ఒడ్డున దానితో జనం పోయిన ఉంగరాలు వెతుక్కోవడం చూశాడట. ఊరి ముసలమ్మలు దానికి కూతల కర్ర అని పేరు పెట్టారు. తమ్ముడు ఎండాకాలం చేన్లు ఖాళీగా ఉన్నప్పుడు అది మోసుకుని తిరుగుతుంటే, ఎనుకటి గంగిరెద్దులాయన పోయినట్టే పోతున్నడని నవ్వుకునేవారు. మొదట సీసా మూతలు, విరిగిన నాగటి కర్రులు దొరికాయి. తర్వాత ఊరి బయటి పాటిగడ్డ మీద, అంటే ఏ కాలంలోనో పడిపోయిన పాత ఊరి దిబ్బ మీద, నిజంగా పాత వస్తువులు దొరకసాగాయి.

మిషన్ చూసిన మొదటి రోజే నేను అన్న మాట ఒక్కటే. "ముందుగాల మన చేను చూడు తమ్మీ. అవ్వ జీవి గా చేన్లనే ఉంటది."

"నువ్వు జెప్పాల్నా అక్కా" అన్నాడు. వారం తిరక్కుండా కోరుట్లకు వచ్చి, నా ముందు కూర్చుని, మంచినీళ్లు తాగి చెప్పాడు. "గట్టు పొడుగూత తిరిగిన. ఒక్క కూత లేదు. ట్రాక్టర్లు దున్ని దున్ని ఏడ కొట్టుకపోయిందో. ఇగ ఆశ ఇడువు అక్కా."

నేను ఏడ్చాను. వాడు నా వీపు నిమిరాడు. ఆ నిమిరిన చేతిని తలుచుకుంటే ఇప్పటికీ నా వీపు మీద తేలు పాకినట్టు ఉంటుంది.

పాటిగడ్డ మీద దొరికినవన్నీ గోనె సంచిలో వేసి నా దగ్గరికి తెచ్చేవాడు. ఇవన్నీ సర్కారుకు అప్పజెప్పాలని బడి సారు ఒకాయన చెబితే, ఇప్పటి సర్కారు మనదా, తీసుకపోయి ఏడనో పెట్టుకుంటది, మన రాష్ట్రం వచ్చినంక మన ఊరి బడిలోనే ఒక అర్ర, ఓ చిన్న గది, కట్టి పెడదాం, మన పిల్లలు మన పెద్దల సొమ్ము చూసుకుంటరు అన్నాడట. నా దగ్గరా అదే మాట. అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నేను కూడా బతుకమ్మను రోడ్డు మీద పెట్టి ఆడినదాన్నే, మాది మాకు కావాలని గొంతు చించుకున్నదాన్నే. పాత దుకాణం మూతపడి నాకు పని లేక ఉన్న రోజులవి. నా కుంకుళ్లు, నా నూనె పెట్టి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాను. ఎద్దు మెడ గంటలు, పగిలిన కంచు దీపం, పిల్లలు ఆడుకునే అంగుళమంత రాగి గుర్రం, అచ్చు అరిగిన నాణేలు. గంటను కొట్టి వింటే కంచా, ఇత్తడా తెలిసిపోయేది. నాణెం మీద మన్ను వదిలి ఏనుగు తొండం బయటపడ్డ రోజు నేను ఇరుగుపొరుగు వాళ్లనందరినీ పిలిచి చూపించాను. పని పూర్తయినవన్నీ తమ్ముడు పట్టుకుపోయేవాడు, బడిలో అర్ర కట్టేదాకా తన ఇంట్లో భద్రమనేవాడు.

ఆ శ్రావణ పున్నమికి తమ్ముడికి రాఖీ కట్టాను. మా దిక్కు రాఖీ అంటే చిన్న పండుగ కాదు, ముసలి అక్కలు సైతం బస్సులు పట్టుకుని తమ్ముళ్ల ఇండ్లకు పోతారు. వాడు నాకు పట్టుచీర పెట్టాడు. ఇంత ఖరీదు నాకెందుకురా, నేత చీర చాలదా అని అందరి ముందూ కసిరాను గానీ, ఇంటికి వచ్చి మూడు మార్లు విప్పి చూసుకున్నాను. మా మరదలు ఎందుకో ఆ రోజు నా మొహం చూడకుండా వంటింట్లోనే తిరిగింది. వదినెతోని మాట్లాడవేందే అంటే, పొయ్యి మీద పాలున్నయి వదినె అన్నది. అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత కొద్ది రోజులకే సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, సర్కారు కచేరీలకు తాళాలు. కోరుట్ల చౌరస్తాలో డేరా, డేరాలో దీక్షలు, ఎప్పుడు చూసినా మైకు. తమ్ముడు అప్పటికి ఊళ్లో చిన్న నాయకుడయ్యాడు. తన ఫోటో వేసిన ఫ్లెక్సీలు కథలాపూర్ తోవలో కట్టించాడు, జీపు మాట్లాడి జనాన్ని తెచ్చేవాడు. నాకు గర్వంగానే ఉండేది. ఆ సమ్మె మొదట్లోనే ఒక సంచి దించిపోయాడు. పోతూ పోతూ అడుగున ఉన్న ముద్ద ఒకటి చూపించాడు, గుప్పిట్లో ఇమిడేంత, పచ్చగా పెచ్చు కట్టిన ముద్ద.

"గిది రాగి పెంటనే అక్కా, పాటిగడ్డదే. పారేద్దుననుకున్న, నువ్వు ఊకుంటవా అని తెచ్చిన" అని నవ్వాడు.

ఊకోని మాట నిజమే. పారేయడం నా ఒంట్లో లేదు. ఆ ముద్దను కుంకుడు రసంలో వేసి నీళ్లు మారుస్తూ పోయాను. మన్ను జారింది గానీ పచ్చదనం పట్టు వదల్లేదు. అప్పుడు పలుచటి చింతపండు నీళ్లల్లో కాసేపు ఉంచి వెదురు పుల్లతో గిల్లితే, ఆ పచ్చ పొర పెచ్చులా లేచింది. కింద రాగి ఎరుపు కనబడాలి కదా, నలుపు కనబడింది. నల్లబడేది వెండి. రాగి పాత్రలో చాలా కాలం పడి ఉన్న వెండి మీద పాత్ర చిలుము పాకుతుందని దుకాణంలో చూసి ఉన్నాను కాబట్టి, ఇది రాగి చెంబు అడుగున అంటుకుపోయిన వెండి వస్తువు అని అర్థమైంది. ఇంకా తీస్తే చిన్న గొలుసు, దాని వెంట వరుసగా మువ్వలు. చంటిపిల్ల గజ్జె. అప్పటికీ నా బుద్ధికి ఎక్కలేదు. పాపం ఏ కాలపు తల్లి బిడ్డదో అనుకుంటూ చెవి దగ్గర ఊపి చూశాను. మోగలేదు. మువ్వల్లో మన్ను నిండి ఉంటుందని, ఒక మువ్వ నోట్లో పుల్ల పెట్టి తిప్పాను. మన్ను అయితే పొడిగా రాలాలి. ఎండకు మెత్తబడ్డదేమో, జిగటగా పుల్లకు అంటుకుని వచ్చింది. వేళ్ల నడుమ నలిపాను. లేచి పొయ్యి దగ్గరికి పోయి నిప్పు సెగకు పట్టాను. కరిగింది. తేనెపట్టు వాసన.

చెబితే నమ్మరు, మొదట నాకు కలిగింది సంతోషం. అవ్వా, దొరికింది, దొరికిందే అని పొయ్యి ముందర ఒక్కదాన్నే అరిచాను. ఆ అరుపు నోట్లో ఉండగానే రెండో ఆలోచన వచ్చింది. ఇది పాటిగడ్డది కాదు. ఇది మా చేనుది. ఒక్క కూత లేదన్నాడు. మరి చెంబు ఏది, కడియాలు ఏవి, గుండ్లు ఏవి, రెండో గజ్జె ఏది? వెండిగా కనబడ్డదంతా ఏరుకున్నాడు, చెంబు అడుగున పచ్చగా ముద్దకట్టిన దీన్ని మాత్రం పోల్చుకోలేక పాటిగడ్డ సంచిలో పారేశాడు. మా అవ్వ సొమ్ము నాచేతనే తోమిస్తున్నాడని వాడికే తెలియదు. పొయ్యి ముందర అట్లాగే కూలబడ్డాను. పెట్టెలోని పట్టుచీర గుర్తుకొచ్చింది.

మర్నాడు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి ఎవరికి వాళ్లు తెచ్చిన బియ్యం, కూరగాయలు కలిపి వండి, రోడ్డు మీదనే కూర్చుని తినడం, అదీ ఆ రోజుల్లో మా నిరసన. నేను పప్పు వండాను. తమ్ముడు మెడలో కండువాతో మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. మన తాతలు దాసిపెట్టిన సొమ్ము ఎవడో అమ్ముకుంటుంటే చూస్తూ ఊకుందమా అని అడిగాడు. ఊకోం అని జనం అరిచారు. నా పక్కన పొయ్యి మీద కూర కలుపుతున్న వాడకట్టు ఆమె, నీ తమ్ముడు మస్తు మాట్లాడవట్టె అని నా భుజం పొడిచింది.

వరుసగా కూర్చున్నప్పుడు వాడి విస్తట్లో అన్నం నేనే పెట్టాను.

"ఇంకింత పప్పు పొయ్యి అక్కా. నీ చేతి వంట తినక ఎన్నొద్దులాయె" అన్నాడు.

పప్పు పోసి, కొంగు ముడి విప్పి, గజ్జె తీసి విస్తరి అంచున పెట్టాను.

"గిదేంది?"

"నువ్వే తెచ్చిస్తివి గదరా. నువ్వే జెప్పు."

"పాటిగడ్డది గావచ్చు."

"పాటిగడ్డ రాజులు పిల్లల గజ్జెలకు మైనం కూరుదురా తమ్మీ?"

వాడికి మైనం సంగతి తెలియదు, కానీ నా మొహం తెలుసు. కలిపిన ముద్ద విస్తట్లోనే నిలిచిపోయింది. అక్కాతమ్ముల పంచాది తర్వాత పెట్టుకోండ్రి, మాకు పప్పు రానియ్యండ్రి అని వరుసలో ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

"గీడ గాదక్కా, ఇంటికాడ మాట్లాడుదం" అన్నాడు మెల్లగా.

"మైకుల అంత లావు మాట్లాడితివి, నాతోని మాట్లాడ శాతగాదా? చెంబేది?"

"అక్కా, నా ఇంటికి పెట్టుకున్ననా? నీ మరదలుకు నగ జేయించిన్నా? టెంటుకు, జీపుకు, మైకుకు ఎవడిస్తడు? అంత ఉద్యమానికే పెట్టిన."

ఫ్లెక్సీల మీద వాడి మొహం ఎంత పెద్దగా ఉందో నేను అనలేదు. "ఉద్యమానికి గావాల్నంటే నన్ను అడగకపోతివా? కడియాలు నేనే తీసి నీ చేతుల పెడుదు. ఒక్కకాడ కూసోని ఇప్పుతమని అవ్వ చేతుల చెయ్యేసినం గదరా" అన్నాను. వాడు విస్తరి మడిచాడు. రెండో గజ్జె ఏడున్నది అని అడిగితే, జగిత్యాల వెండి దుకాణంల అమ్మిన అన్నాడు.

ఉన్నపళాన నన్ను అక్కడికి తోలుకుపొమ్మన్నాను. చెయ్యి కడుక్కుని మోటారుసైకిల్ తీశాడు. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా రోడ్డు మీద అడుగడుగునా రాళ్లు, అడ్డం పెట్టిన బండ్లు, కాలుతున్న టైర్లు. అడ్డం ఉన్న పిల్లలు తమ్ముడిని చూడగానే, మన అన్ననే, పోనియ్యండ్రి, జై తెలంగాణ అంటూ రాళ్లు పక్కకు జరిపేవారు. వాడు జై అంటూ చెయ్యి ఎత్తేవాడు. వెనక నేను గజ్జెను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ నా ఇంటి ముందు ఆ నినాదం వినబడితే నేనూ పలికేదాన్ని. ఆ దారిలో ఒక్కసారి కూడా నా నోరు పెగల్లేదు. ఒక్కటే ఆశ, రెండోది ఇంకా ఏ డబ్బాలోనో పడి ఉంటుందని.

దుకాణం సగం తలుపు తెరిచి ఉంది. లోపల కంసాలి పని చేసే ముసలి అవుసలాయన నా చేతిలోని గజ్జెను తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"దీని జోడుదా? అయ్యో, కడియాలతో పాటు గప్పుడే మూసల ఏసి కరిగిస్తి గదమ్మా. నాకు మంచిగ యాదికున్నది. ఏసంగనె తేనెపట్టు కాలినట్టు వాసనొచ్చింది. ఏంది గీ వాసన అనుకున్న" అన్నాడు.

ఆయనకేం తెలుసు, పాపం. అరవై ఏండ్లు మట్టిలో నిలబడ్డ అవ్వ వేలిముద్ర ఆ పొగలో పోయింది. నేను గడప మీద కూర్చున్నాను. తమ్ముడు నీళ్ల చెంబు తెచ్చాడు. వాడి చేతి నీళ్లు నేను తాగలేదు. అక్కడి నుంచి కోరుట్లకు నడిచి కొంత, ఎవరిదో ట్రాక్టరు ఎక్కి కొంత వచ్చాను గానీ వాడి బండి ఎక్కలేదు. తర్వాత మరదలు వస్తే పట్టుచీర ఆమె చేతికిచ్చి తిరిగి పంపించాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, రాఖీ నాడే చెబుదామనుకున్నానని, మొగుడు ఒట్టు పెట్టించుకున్నాడని. ఆమె కండ్లు నేనే తుడిచాను.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు మా వాడకట్టులో పటాకులు కాల్చి మిఠాయిలు పంచుకున్నారు, నేనూ తిన్నాను, సంతోషపడ్డాను, ఆ సంతోషం దొంగది కాదు. తమ్ముడికి ఊళ్లో చిన్న పదవీ దొరికింది. బడిలో అర్ర మాత్రం కట్టలేదు. ఏనుగు నాణెం, రాగి గుర్రం, నేను మోత విని వేరు చేసిన గంటలు ఏమయ్యాయని బడి సారు అడిగితే, దొంగలెత్తుకపోయిన్రు అన్నాడట. నేను వాటిని అంత శుభ్రంగా తీసింది పిల్లల కోసమనుకున్నాను. ఎవరి గాజు బీరువాలో ఉన్నాయో, నా కుంకుడు రసం వాసన ఇంకా ఏ సందులోనైనా మిగిలి ఉందో లేదో.

మళ్లీ నేను రాఖీకి పోలేదు. ఇప్పుడు వాడికి మోకాళ్ల నొప్పులు, మాట తడబడుతున్నది, అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఎట్లున్నవక్కా అంటాడు. ఉన్న అంటాను. పక్కన సాంచెల మోత వాడికి వినబడుతూ ఉంటుంది. తర్వాత వాడే పెట్టేస్తాడు.

మనుమరాలు అలిగి లోపలికి పోయిన ఆ సాయంత్రం నేనే పెట్టె తెరిచి గజ్జె తీసి దాని చేతిలో పెట్టాను. చెవి దగ్గర ఊపి చూసింది. అన్ని మువ్వల్లో ఒక్కటి మాత్రం సన్నగా మోగింది, ఆనాడు నేను పుల్ల పెట్టి మైనం తీసిన మువ్వ అది. మిగతావి నేను ముట్టలేదు.

"ఇవెందుకు మోగుతలేవమ్మమ్మా?" అన్నది.

"మోగద్దనే మీ ముత్తవ్వ గట్ల జేసింది" అన్నాను.

అది గజ్జెను తన కొంగుతో తుడిచి, నల్లగానే తిరిగి ఇచ్చింది. మా అవ్వ కాలంలో భయమంతా ఊరి బయటి నుంచి వచ్చేది, అందుకే చేన్లో పాతిపెట్టి, తన వాళ్లకు మాత్రం చోటు చెప్పింది. మా ఇంట్లో ఏ పెట్టెకూ తాళం ఉండేది కాదు. ఇప్పుడు సీసాల నీళ్లతో అన్నీ ఇట్టే తెల్లబడుతున్నాయి, పోయినవి వెతికే మిషన్లు అందరి దగ్గరా ఉన్నాయి. నేను మాత్రం పెట్టెకు తాళం వేసి తాళంచెవిని కొంగుకు కట్టుకుంటున్నాను. తాళం వేసిన ప్రతిసారీ, నా చేతి మీద వెచ్చగా పడ్డ ఆ చెయ్యి యాదికి వస్తుంది.